డిక్కీలో మూడున్నర అడుగులు

ఆ ఉదయం కళ్లజోళ్ల షాపాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్ను పీకించుకోవడానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పాలి. కార్ల షోరూముకి వెళ్లి డిక్కీ కొలవాలి. మధ్యాహ్నానికి బుగ్గ పట్టుకుని మూలుగుతూ ఇల్లు చేరాలి.

రెండు నెలలుగా ఆ ఇంట్లో ఒకటే రచ్చ. కొంటే మధ్యరకం సైజులో మంచి ఖరీదైన ఎస్‌యూవీయే కొనాలన్నంత వరకూ మొగుడూ పెళ్లాల మధ్య తేడా లేదు. తేడా అంతా దాని ఆకారం దగ్గర వచ్చింది. ఆయన మనసు పడ్డ బండికి కప్పు నడినెత్తి నుంచి వెనక్కి జారుతూ జారుతూ తోక దగ్గర అంతమవుతుంది. ముప్పై ఏళ్లు ముఖాలకు ఫ్రేములు ఎంచిపెట్టిన కళ్లు ఆయనవి. ఆ వంపు చూసిన రాత్రి నిద్రపోలేదు. ఆవిడ ఫిజియోథెరపిస్టు. ఇంటింటికీ వెళ్లి నడుములూ మోకాళ్లూ సరిచేసే మనిషి. వెంట పేషెంట్లను పడుకోబెట్టే మడత బల్ల ఒకటి ఉంటుంది, మడిస్తే మూడున్నర అడుగులు. ఆవిడకు నచ్చింది నిలువు గోడలతో పెట్టెలా ఉండే బండి.

"అందాన్ని కొరుక్కు తింటామా? నా బల్ల ఎక్కడ పెట్టను, మీ నెత్తినా?" అని ఆవిడ.

"బీరువాకి చక్రాలు తొడిగితే కారైపోతుందా?" అని ఆయన.

చివరికి ఆదివారం ఇద్దరూ కలిసి వెళ్లి తేల్చుకుందామని ఒప్పందం కుదిరింది. ఒప్పందం కుదిరిన మర్నాడే ఆయన ఒంటరిగా వెళ్లి వంపు బండి కొనే కాగితాల మీద సంతకం పెట్టి వచ్చేశాడు. ఆ క్షణం నుంచి భార్య "ఏమండీ" అంటే చాలు, గ్లాసు చేతిలోంచి జారేది. బల్ల గనక డిక్కీలో పట్టకపోతే తన బతుకేమిటన్నదే ఇప్పుడాయన బెంగ.

షోరూములో సేల్స్‌మన్ ఆయన్ని పెళ్లికొడుకులా చూసుకున్నాడు. జనం నడిపి చూడ్డానికి ఉంచిన వంపు బండికి ఆయన ఫోన్ కలిపి పాటలు వినిపించాడు. డిక్కీ తెరిచి చూపించాడు. ఆయన టేపు తీశాడు. కింద కొలిస్తే నాలుగడుగులు వచ్చింది. పైన కప్పు వంపు దగ్గర కొలిస్తే మూడు కూడా రాలేదు. మళ్లీ కొలిస్తే మరో లెక్క వచ్చింది.

"టేపుతో తేలదు బాబూ. నేనే పడుకుని చూస్తా. ముడుచుకుంటే నేనూ మా ఆవిడ బల్లా ఒకటే సైజు."

లోపల పరిచిన తివాచీ పాలమీగడలా ఉంది. అందుకని బూట్లూ మేజోళ్లూ విప్పాడు. సేల్స్‌మన్ వాటిని రెండు చేతులా పట్టుకుని దాచడానికి వెళ్లాడు. ఆయన లోపలికి పాకి, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, ఊపిరి బిగబట్టాడు. పట్టాడు! ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా అప్పుడు ఒక గొంతు వినిపించింది. "ఆదివారం ఆయనతో వస్తానండీ. ఈలోపు ఆ వంకర బండిలో లోపాలేమిటో నేను చూసుకోవాలి."

ఆ గొంతు ఆయన భార్యది. నడుం నొప్పి పేషెంటు కోసం ఊరి చివరికి వెళ్తున్నానని పొద్దున్నే చెప్పి బయల్దేరిన భార్యది. వెనకే చేతికర్ర టకటక. అంటే అత్తగారు కూడా!

బయటికి దూకుదామంటే కాళ్లు రాలేదు. చేతులు మాత్రం వాటంతట అవే పని చేశాయి. సామాన్ల మీద కప్పే నల్ల తెరను సర్రున లాగి తన మీద కప్పుకున్నాడు. తాళం పట్టుకొచ్చిన షోరూము అమ్మాయి, తెరిచి ఉన్న డిక్కీ చూసి బటన్ నొక్కింది. తలుపు బీప్ బీప్ మంటూ తాపీగా దిగి మూసుకుంది.

"డిక్కీ చూపించవేం?" అంది భార్య.

"డిక్కీ ఎక్కడికి పోతుందే? ముందు నన్ను కూర్చోబెట్టండి, మోకాళ్లు పీకేస్తున్నాయి," అన్నారు అత్తగారు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో అత్తగారి వల్ల ఆయనకు జరిగిన మొదటి మేలు అదే.

భార్య స్టీరింగు పట్టింది. షోరూము అమ్మాయి పక్కన కూర్చుంది. అత్తగారు వెనక సీటులో, అంటే అల్లుడి కాళ్లకు జానెడు దూరంలో. బండి కదిలింది.

మొదటి మలుపు దగ్గర భార్య స్టీరింగును ఒక్క చేత్తో తిప్పింది. రెండో మలుపు దగ్గర నిట్టూర్చింది. "అమ్మా, ఇది నడుపుతుంటే వెన్న మీద కత్తిలా పోతోందే."

"బాగుంటే కొనుక్కో."

"ఏ మొహం పెట్టుకుని కొనను? రెండు నెలలు ఆయన్ని కాల్చుకు తిన్నాను. ఇప్పుడు ఇదే కావాలంటే జీవితాంతం దెప్పరూ?"

తెర కింద ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడే లేచి "దెప్పనే!" అందామనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. ఇంతలో షోరూము అమ్మాయి అందుకుంది. "ఈ రంగు కావాలంటే కష్టం మేడమ్. ఒక్కటే మిగిలింది, దానికి మొన్ననే ఒకాయన సంతకం పెట్టేశారు. కళ్లజోళ్ల షాపాయన. పొడుగ్గా ఉంటారు, మాటకు ముందు దగ్గుతారు."

ఆయన నోరు మూసుకున్నాడు. దగ్గు వస్తే దాన్ని కూడా మింగేశాడు.

భార్య బండి వేగం తగ్గించింది.

"అమ్మా," అంది భార్య, మెల్లగా. "ఆయనకి ఫోన్ చెయ్యి. పన్ను ఎక్కడ పీకించుకుంటున్నారో కనుక్కుందాం."

అత్తగారు ఫోన్ చేశారు. మరుక్షణం బండి నలుమూలల నుంచీ ఒక ఆడగొంతు స్పష్టంగా పలికింది. "అత్తగారు, ఎత్తకు. అత్తగారు, ఎత్తకు."

షాపులో కళ్లు పరీక్ష చేసే వేళ ఆవిడ ఫోన్లు ఎక్కువని ఆయన ఆ పేరుతో దాచుకున్నాడు. బండి దాన్ని ఉన్నదున్నట్టు చదివింది.

"ఎవర్ని ఎత్తకు?" అన్నారు అత్తగారు.

"ఆ ఫోన్ ఈ బండిలోనే ఉంటే తప్ప ఇలా మోగదు మేడమ్," అంది అమ్మాయి.

"అయితే ఇందాక ఇక్కడికే వచ్చి ఫోన్ పడేసుకుని పోయుంటారు, మతిమరుపు మనిషి. అమ్మా, వెనకాల చూడు."

అత్తగారు సీటు వెనక్కి చెయ్యి పోనిచ్చి, తెర కింద తడిమారు. ముందు టేపు తగిలింది. తర్వాత ఆయన బొటనవేలు తగిలింది. ఏసీకి అది మంచుముక్కలా ఉంది. అత్తగారు దాన్ని ఒకసారి నొక్కి చూశారు. మళ్లీ నొక్కి చూశారు.

"ఓరి దేవుడోయ్! శవమే! చల్లగా ఉందే! మా అల్లుణ్ణి ఎవరో చంపి డిక్కీలో కుక్కేశారే!"

బండి రోడ్డు మీద పాములా మెలికలు తిరిగింది. అమ్మాయి కెవ్వున అరిచింది. ఇప్పుడు లేచి "నేనే" అనడం కంటే తేలికైన పని లేదు. కానీ ఆయన ఉన్న స్థితిలో లెక్క వేరు. పన్ను అబద్ధం ఒకటి, దొంగ సంతకం రెండు, అత్తగారు ఎత్తకు మూడు. బతికుంటే మూడింటికీ జవాబు చెప్పుకోవాలి. చచ్చిపోయి ఉండడమే ఎటు చూసినా క్షేమం అనిపించింది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

బండి ఒక గతుకులో దబ్బున పడింది. ఆయన తల డిక్కీ తలుపుకు కొట్టుకుని, వద్దనుకుంటున్నా "అమ్మా" అని మూలుగు వచ్చింది.

"ప్రాణం ఉంది!" అంది భార్య. "ఏమండీ, కాస్త ఓర్చుకోండి, ఆస్పత్రి వచ్చేసింది! నువ్వు లేకుండా నేనేం చేసుకోను? ఏ బండి కొంటే నాకేంటి? పోవద్దు, వింటున్నావా, పోవద్దు!" భయంలో మీరు కాస్తా నువ్వయిపోయింది.

ఆ ఏడుపు విన్నాక ఆయనకు పట్టుకున్న భయం ఇందాకటిది కాదు. దొరికిపోతానన్న భయం ఎటో పోయింది. వెన్న మీద కత్తిలా నడిపే మనిషి ఏడుస్తూ ఇంత వేగంగా పోతోంది, నా వెధవ పిరికితనం వల్ల నలుగురం నిజంగానే చచ్చేలా ఉన్నామన్న భయం పట్టుకుంది. "నాకేం కాలేదే! మెల్లగా పోనీ!" అని గావుకేక పెట్టాడు. అప్పటికే అత్తగారూ అమ్మాయీ శ్రుతి కలిపి అరుస్తుండడంతో ఆ కేక ఎవరికీ వినపడలేదు.

బండి అత్యవసర విభాగం ముందు కీచుమని ఆగింది. స్ట్రెచరు పరుగెత్తుకొచ్చింది. డిక్కీ తలుపు బీప్ బీప్ మంటూ, ఎవరి తొందరా తనకు పట్టనట్టు, నింపాదిగా లేచింది. నర్సు తెర లాగింది. లోపల మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, వట్టికాళ్లతో, చేతిలో టేపుతో కళ్లజోళ్ల షాపాయన.

"పన్ను... పీకలేదు," అన్నాడాయన. అంతకంటే మంచి మాట ఆ సమయానికి తోచలేదు.

భార్య ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. నుదురు తడిమింది, భుజాలు తడిమింది, మోకాలు వంచి చూసింది. ఎక్కడా ఏమీ విరగలేదని తేలాక, చేతిలో ఉన్న సంచీతో ఒక్కటిచ్చింది. ఆ తర్వాత అక్కడే డిక్కీ అంచు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన పక్కనే కూర్చుని, సంతకం సంగతీ కొలతల సంగతీ మొదటి నుంచీ చివరిదాకా అప్పజెప్పాడు. ఇక పిడుగు పడుతుందని తల వంచుకున్నాడు.

ఆవిడ ముక్కు తుడుచుకుంది. "సంతకం పెట్టారుగా, ఇదే కొందాం. ఇంత మనిషి పట్టారు, నా బల్ల పట్టదా?"

ఆయన తలెత్తి, వీపు రుద్దుకుంటూ, ఆ అందమైన వంపుకేసి తొలిసారి అనుమానంగా చూశాడు.

"ఇదా? చచ్చినా వద్దు. ఆ పెట్టె బండే కొందాం."

"అదేంటి? ఆ బీరువాలో నేనెక్కను!"

"అందాన్ని కొరుక్కు తింటామా?"

"నేను నడిపి చూశానండీ, మీకేం తెలుసు?"

"నేను వెనకాల పడుకుని చూశానే, నీకేం తెలుసు?"

రెండు నెలల తగువు మళ్లీ మొదటి నుంచి మొదలైంది, కాకపోతే ఈసారి మాటలు చేతులు మారాయి. స్ట్రెచరు మాత్రం వృథా పోలేదు, "ఎవర్ని ఎత్తకు?" అని అడుగుతూ అత్తగారు దాని మీద పడుకున్నారు. షోరూము అమ్మాయి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని నీళ్లు తాగుతోంది. వచ్చిన కేసుకి ఏదో ఒకటి రాయక తప్పదు గనక నర్సు కాసేపు మొగుడూ పెళ్లాలిద్దర్నీ చూసి, చీటీలో జబ్బు అన్న చోట "వివాహితుడు" అని రాసింది.