ముట్టుకోని వైద్యం

రోగిని డాక్టరు ముట్టుకోవడమంత అనాగరికమైన పని లోకంలో ఇంకోటి లేదు! నాడి పట్టుకోవడం, పొట్ట నొక్కడం, వీపు మీద చల్లటి స్టెతస్కోపు ఆనించి ఊపిరి పీల్చమనడం... పరాయి మనిషి మీద అంత చొరవా?

రోగుల అదృష్టం కొద్దీ, రెండువేల నాలుగులో పుంగనూరుకూ సదుంకూ మధ్యనున్న ఓ పల్లె ఆస్పత్రికి టెలిమెడిసిన్ వచ్చింది. డాక్టరు నగరంలో, రోగి పల్లెలో, మధ్యన టీవీ. ఎంత దగ్గినా డాక్టరు మీద తుంపర పడదు. ఇంతకన్నా శుభ్రమైన వైద్యం ఎక్కడైనా ఉందా?

పైగా క్రమశిక్షణ! కరెంటు ఉన్నప్పుడే జబ్బు చెప్పుకోవాలి. వాన పడితే సిగ్నల్ అందదు కాబట్టి వానాకాలపు జ్వరాలను ఎండాకాలానికి వాయిదా వేసుకోవాలి. కుప్పంలో ఒకాయన నాలుక చాపగానే తెర మీద బొమ్మ బిగుసుకుపోయిందట. మళ్ళీ లైను కలిసేదాకా పెద్దమనిషి నాలుక లోపలికి తీసుకోలేదు. అదీ వినయమంటే!

ఇక మన పల్లె కుప్పమ్మ సంగతి చూడండి. ఆమె మొగుడు మునెయ్యకు వారంగా జ్వరం, కడుపునొప్పి. కళ్ళు పచ్చబడ్డాయి. గంజి కూడా దిగడం లేదు. ఈ మనిషి తనకు దక్కుతాడా అని కుప్పమ్మకు ఒకటే భయం.

అయినా టీవీలో కనబడబోతున్నాడు కదా! ఫోటో దిగేటప్పుడు పాటించే మర్యాదలన్నీ ఆమె పాటించింది. మొగుడికి గడ్డం గీయించి, జాతరకు కుట్టించిన చొక్కా తొడిగి, మొహానికి దండిగా పౌడరు కొట్టింది. పచ్చకళ్ళు చూడటానికి బాగుండవని, ఎదురింటి శాంతమ్మకు కంటి ఆపరేషనప్పుడు ఇచ్చిన నల్లద్దాలు అడిగి తెచ్చి పెట్టింది.

తెర మీది డాక్టరు మునెయ్యను చూసి సంతోషించాడు.

"మనిషి బాగానే ఉన్నాడే! ఎవరైనా కడుపు కుడివైపు నొక్కి చూడండి."

కంప్యూటరు ఆపరేటరు సాయిప్రసాద్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నాకు మౌసు పట్టుకునేది ఒకటే నేర్పించినారు సార్. మనుషుల్ని పట్టుకునేదానికి ట్రైనింగ్ ఇయ్యలేదు."

చివరికి కుప్పమ్మే నొక్కింది. మునెయ్య పెట్టిన కేకకు నల్లద్దాలు ఊడి కిందపడ్డాయి.

"సౌండు బాగా వస్తోంది," అంటూ డాక్టరు ముందుకు వంగాడు. అప్పుడు కనిపించాయి ఆ కళ్ళు. ఆయన గొంతు మారిపోయింది. "అమ్మా, ఇది టీవీలో తేలేది కాదు. చెయ్యిపెట్టి చూడాల్సిందే. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. వెంటనే మీ ఊరి ఆస్పత్రిలో డాక్టరుకు చూపించండి!"

కుప్పమ్మకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"ఈడ డాక్టరమ్మ యాడుండాది సామీ? మీ టీవీ వచ్చినాక ఇంక ఆయమ్మ యాల అని బదిలీ చేసేసినారు. మేము కూసోనుండేది ఆయమ్మ గదిలోనే. మీరు కనపడతాండేది ఆయమ్మ టేబులు మీదనే!"

డాక్టరు జవాబు వినబడుతుందేమోనని సాయిప్రసాద్ సౌండు పెంచాడు.

కుప్పమ్మ మొగుణ్ణి భుజానికి ఆనించుకుని రోడ్డెక్కింది. మదనపల్లె బస్సు ఆగింది. మునెయ్యను సీట్లో కూర్చోబెట్టి, టికెట్ కొట్టబోతున్న కండక్టరు చెయ్యి పట్టుకుంది.

"మదనపల్లె ఆస్పత్రిలో డాక్టరు మనిసేనా అప్పా?"