దాంపత్య నిష్ఠకు తొలి పురస్కారం

"ఇంట్లో భార్యను పెట్టుకుని ఫోన్లో ఇంకొకరిని వెతుక్కునే మగాళ్ళకు ఈ ప్రభుత్వంలో నిద్రపట్టదు" అని కుటుంబ శాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలు దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆ శాఖ సూపరింటెండెంటు. ఆ వాక్యం రాసింది ఆయనే మరి.

మర్నాడు 'దాంపత్య నిష్ఠ' ఫైలు కదిలింది. డేటింగ్ యాప్‌లో శాఖ తరఫున ఆడపేరుతో ఒక ఎర ఖాతా తెరవాలి. వలలో పడ్డ పెళ్ళైన మగాణ్ణి విలేకరుల ముందు పట్టుకోవాలి. మంత్రిగారు అలవాటు ప్రకారం చదవకుండానే సంతకం పెట్టారు. చదువుతూ కూర్చుంటే ప్రజల పనులు ఆగిపోతాయని ఆయన బెంగ. ఎర బాధ్యత సూపరింటెండెంటు నెత్తిన పడింది.

పాపం ఆయన 'వెన్నెల' అని పేరు పెట్టుకుని, పలకరించిన మొదటి మగాడికి జవాబు రాశాడు: "మీ అభ్యర్థన అందినది. తగు చర్య నిమిత్తం పరిశీలనలో ఉన్నది." ఆ మగాడు మళ్ళీ కనిపించలేదు.

ఈలోగా ఫోన్ భార్య కంటబడింది.

"ఎవరండీ ఈ వెన్నెల?"

"నేనే."

ఆవిడ కూరలు తరుగుతున్న చాకు పక్కన పెట్టింది. "ఎప్పట్నుంచి?"

సంగతి చెప్పి ఒప్పించేసరికి ఆయనకు తలప్రాణం తోకకొచ్చింది. "ఇలా రాస్తే దోమ కూడా వాలదు. ఇటివ్వండి" అని ఆవిడే రాసింది: "రోజంతా ఒక్కదాన్నే. ఏం వండావని అడిగే దిక్కు కూడా లేదు."

"అబ్బ, ఏం కల్పన!" అన్నాడాయన. ఆవిడ ఆయన వంక ఒకసారి చూసి, పంపేసింది.

ఫోటో ఉండాల్సిన చోట మబ్బు పెట్టుకున్న 'నీలిమబ్బు' అనే ఆయన వెంటనే అడిగాడు, ఏం వండారని. పెళ్ళైందా అంటే పేరుకే అన్నాడు. ఆవిడ నవ్వుకుంటూ జవాబు రాస్తుంటే సూపరింటెండెంటుకు ఒళ్ళు మండింది. మర్నాడు ఆఫీసు నుంచి పెందరాళే వచ్చి, "ఏం వండావు?" అని అడిగాడు.

"నీలిమబ్బు పొద్దున్నే అడిగాడు లెండి."

దాంతో ఆయనకు భయం పట్టుకుంది. ప్రభుత్వ ఎరకి తన ఇల్లే చిక్కుకునేలా ఉంది. నీలిమబ్బును కాఫీ షాపుకు రమ్మని రాయించాడు. గుర్తుగా అతను బల్ల మీద పసుపు గులాబీలు పెట్టుకుని కూర్చోవాలి. "నేనూ వస్తా. మనిషిని చూడాలి" అని ఆవిడ తయారైంది, అద్దం ముందు కాస్త ఎక్కువసేపే.

విలేకరులను వెంటేసుకుని లోపలికి వెళ్ళారు. మూల బల్ల దగ్గర పసుపు గులాబీలు, నల్ల కళ్ళద్దాలు, వాటి వెనక మంత్రిగారు.

సూపరింటెండెంటుకు నోట మాట రాలేదు. మంత్రిగారికి మాత్రం వచ్చింది. కెమెరాలు చూసి తాపీగా లేచి, "రావయ్యా, మీకోసమే చూస్తున్నా" అంటూ గులాబీలు ఆవిడ చేతిలో పెట్టారు. "దాంపత్య నిష్ఠకు తొలి పురస్కారం ఈ ఆదర్శ దంపతులకు ప్రకటిస్తున్నాను."

"మరి పట్టుకుంటామన్న మనిషో?" అన్నాడో విలేకరి.

"నేనొస్తున్నానని తెలిసి పారిపోయుంటాడు."

సూపరింటెండెంటు అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టాడు.

ఇంటికొచ్చాక ఆయనే గులాబీలను గ్లాసు నీళ్ళలో పెట్టి, "ఏం వండుదాం?" అన్నాడు. ఆవిడ నోరు తెరిచేలోగా ఫోన్లో నీలిమబ్బు సందేశం వచ్చింది.

"వెన్నెలా, రాలేదేం? నీకోసం గులాబీలు తెచ్చాను. ఎవరో మొగుడూ పెళ్ళాం అడ్డొచ్చి పట్టుకుపోయారు. రేపు అదే బల్ల దగ్గర?"

ఆవిడ చదివి, ఫోన్ ఆయనకిచ్చింది. "ఈసారి మీరే రాయండి."

ఆయన కళ్ళజోడు సవరించుకుని రాశాడు: "మీ అభ్యర్థన అందినది. తగు చర్య నిమిత్తం పరిశీలనలో ఉన్నది."