తల తిప్పని డ్రైవరు

రహదారి భద్రతా వారోత్సవాల సందర్భంగా తాడేపల్లిగూడెంలో ఉత్తమ డ్రైవరును శాలువాతో సత్కరించాలని భద్రతా సంఘం వారు ఏకగ్రీవంగా తీర్మానించారు. ఎంపికైనవాడు ఏలూరు అబ్దుల్ మజీద్. ఇరవై రెండేళ్లలో అతని బండికి గీత పడలేదు. కారణం ఒక్కటే, స్టీరింగు పట్టుకున్నాక ఎవరితోనూ మాట్లాడడు. అతను పొగరుబోతని ప్రయాణికులు కూడా ఏకగ్రీవంగానే తీర్మానించారు. భార్య పర్వీన్ మాత్రం శాలువా తగిలించడానికి గోడకు మేకు కొట్టి ఉంచింది.

సంఘం అధ్యక్షులు హనుమంతరావు గారిది పెదపాడు. ఆయన్ని సభకు తీసుకొచ్చే గౌరవం కూడా మజీదుకే దక్కింది. ముందు సీట్లో అధ్యక్షుల వారు, వెనక ఆయన సతీమణి వెంకటనరసమ్మ గారు ఆసీనులయ్యారు.

చేపల చెరువుల మధ్య సన్న రోడ్డు ఎక్కగానే ఆయన ఉపన్యాసం కాగితం తీశారు.

"నడుపుతున్న డ్రైవరును పలకరించడమంటే మృత్యువును పలకరించడమే! ఎలా ఉందయ్యా మజీదూ?"

మజీద్ రోడ్డు చూస్తూనే తలూపాడు.

"ఏవండీ, పెద్దవారు అడుగుతుంటే మొహం చూసి చెప్పడేంటండీ ఇతను?" అన్నారు వెంకటనరసమ్మ గారు. "మన పాత డ్రైవరు దేవరాజైతే పూర్తిగా వెనక్కి తిరిగి మాట్లాడేవాడు. ఎంత మర్యాదో, పాపం!"

దేవరాజు ఇప్పుడెక్కడున్నాడో ఆవిడ చెప్పలేదు.

"మర్యాద తెలియనివాడికి శాలువా ఎలా కప్పమంటావే?" అన్నారు అధ్యక్షుల వారు.

మజీదుకు గోడ మీద మేకు గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి తల తిప్పాడు.

"చాలా బాగుందండీ."

ఆ 'అండీ' పూర్తయ్యేసరికి కారు ముక్కు చెరువులో ఉంది. నడుం లోతు నీళ్లే. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అధ్యక్షుల వారు చెయ్యి పైకెత్తి ఉంచడంతో ఉపన్యాసం కూడా క్షేమం.

వేరే కారులో అందరూ వేళకే సభకు చేరారు. తడిసిన అధ్యక్షుల వారు వణుకుతుండటంతో, సిద్ధంగా ఉన్న శాలువా ఆయనకే కప్పారు. దాన్ని భుజం మీద సవరించుకుంటూ ఆయన గర్జించారు.

"మాటల్లో పడిన డ్రైవరు ఏం చేస్తాడో నేను ఈ ఉదయమే కళ్లారా చూశాను! అదిగో, చివరి వరసలో నిలబడ్డాడు, చూడండి!"

సభంతా వెనక్కి తిరిగి చూసింది. చప్పట్లు మోగాయి. మజీద్ కూడా కొట్టాడు. పెద్దవారు కదా.

వారం తిరిగాక, బాగుచేయించిన కారులో అతను నల్లజర్లకు చెందిన ఒక కుటుంబాన్ని తీసుకెళ్తున్నాడు. వెనక సీట్లో వాళ్లు ఫోనులో ఆ ఉపన్యాసమే చూస్తూ, నిజమే నిజమే అని తలలాడిస్తున్నారు. అప్పుడే పర్వీన్ ఫోను చేసింది. మజీద్ బండి పక్కకు తీసి, ఆపి, అప్పుడు ఎత్తాడు.

"ఏవండీ, ఆ మేకు పీకెయ్యమంటారా?"

"ఉండనీ. కారు తాళం తగిలిద్దాం."

వెనక సీటు పెద్దాయన వీడియో ఆపి, విసుగ్గా ముందుకు వంగాడు.

"ఇదేంటండీ డ్రైవరు గారూ, ఫోనొస్తే బండి ఆపేస్తారా? ఇన్నేళ్ల సర్వీసు అన్నారు, మాట్లాడుతూ నడపడం ఇంకా రాలేదా మీకు?"