వంతెన కావలివాని కడపటి పుట

అక్షరరూపిణియై జగత్తునెల్ల పలికించు తల్లికి అంజలి ఘటించి, చత్వారమను మాయావిపై ఒక వీరనారి సాధించిన విజయమును విన్నవించెదను, చెవియొగ్గుడు.

అది భానుడు నడినెత్తిన నిప్పులు చెరుగు వేళ. కళ్ళద్దాల దుకాణపు ఇనుప తలుపు సగము దింపబడి, "భోజన విరామం. రెండింటికి తెరుస్తాము" అను అట్టముక్క దానిపై యుద్ధపతాకవలె వ్రేలాడుచుండెను. గడియారము ఒంటిగంటా నలువది చూపుచుండెను. లోపల మూడువందల ఖాళీ చట్రములు రెప్పవాల్చక కాంచుచుండగా, ఎత్తుపీటపై ఆసీనురాలై యుండెను పరనేత్రోద్ధారిణి, కటకశాస్త్రకోవిద, నలువదియేడేండ్ల దుకాణదారిణి. ఊరందరి చూపును సరిచేసిన ఆ ధీరకు, తన కన్నులలోనే లోపమున్నదని ఒప్పుకొనుట మరణతుల్యము.

ఆమె చేతనున్నది ఒక సన్నని పొత్తము. ఇరువదియేండ్ల క్రితము తొమ్మిది సంపుటములతో ముగిసిన మాంత్రిక మహాగాథకు, కర్త ఇన్నాళ్ళకు కనికరించి వ్రాసిన ఉపకథ. ఆ గాథ మూడవ సంపుటమున, సేనలన్నియు దాటువరకు మండుచున్న వంతెనపై దీపము పట్టి నిలిచిన ముసలి కావలివాడొకడు రెండే పుటలు కనబడి మాయమయ్యెను. రాజులు గెలిచిరి, పట్టాభిషేకములు జరిగెను; ముసలివాడు బ్రతికెనో లేదో చెప్పిన పాపాన ఎవ్వరును పోలేదు. నాటినుండి ముల్లై గ్రుచ్చుచున్న ఆ ప్రశ్నకు జవాబిప్పుడు ఒక్క పుట దూరమున నున్నది.

అయ్యో! ఆ పుటలోని అక్షరములు చీమలబారులై కదలజొచ్చెను. పుస్తకమును దూరముగా పట్టెను, చేయి చాలలేదు. కిటికీకడకు చేర్చెను, వెలుగు చాలలేదు.

"ఓరీ చత్వారాధమా! తొమ్మిది సంపుటములను గుడ్డిదీపపు వెలుగున మ్రింగిన కన్నులివి! నీకు లొంగుదునా?" అని మనమున గర్జించెను.

అంతలో సగము దించిన తలుపు క్రిందనుండి దూరి, నడుము పట్టుకొని మూల్గుచు ప్రవేశించెను బావ: అక్క మగడు, పెండ్లినాడే ఆ తొమ్మిది సంపుటములను పెట్టెలో మోసుకొనివచ్చి మరదలికి ఈ వ్యసనమునంటించిన ఆదిగురువు. ఒక చేత కళ్ళజోడు, మరొక చేత దానినుండి ఊడిన అద్దము.

"ఇదిగో, మర ఊడింది, కాస్త బిగించు. ఇంకా ఆ పుస్తకమేనా? చెప్పెయ్యనా ముసలాడి సంగతి?"

"బావా! నోరెత్తావంటే ఊరుకోను."

"అది కాదే, చివర్లో ఆ దీపం..."

"నీ అద్దాలు నా చేతిలో ఉన్నాయి, గుర్తుపెట్టుకో. ఇంకొక్క ముక్క అన్నావంటే గులాబీరంగు ఫ్రేములో బిగించి ఇస్తా. అదే పెట్టుకుని తిరుగు."

బ్రహ్మాస్త్రమునకు కట్టుబడినవాడై బావ ఎదుటి పీటపై కూలబడెను. ఏండ్ల అభ్యాసముగల వ్రేళ్ళతో, చూపుతో పనిలేకయే, ఆమె మర బిగించెను. బిగించిన పిదప ఆ కళ్ళజోడును తేరిపార చూచెను. పగవాని ఆయుధము! తటాలున ధరించెను. అక్షరములు క్రమశిక్షణగల పదాతులై నిలిచెను.

"అదేంటే, నీకు చత్వారం లేదన్నావుగా?"

"సరిగ్గా కుదిరిందో లేదో చూస్తున్నా బావా. పనన్నాక పద్ధతుండాలి."

చదువుచున్న ఆమె కంట నీరు తిరిగెను. బావ పీట అంచునకు జరిగెను.

"ఏమైంది? బతికాడా?"

ఆమె తలయెత్తెను. "నువ్వు చదివేశావుగా?"

"ఎక్కడ చదివాను! నా కాపీలో సరిగ్గా చివరి పేజీకొచ్చేసరికి అద్దం ఊడి పడింది. మీ అక్కని చదివిపెట్టమంటే ముందు బట్టలు ఆరెయ్యమంది. పొద్దుట్నుంచీ ప్రాణం కొట్టుకుంటోందే!"

"ఎంత నాటకం బావా! సరే, చదువుతా. నేను అద్దాలు పెట్టుకున్న సంగతి మాత్రం అక్కకి తెలియకూడదు."

"ఒట్టు. చదువు తల్లీ!"

వెలుపల తలుపు దబదబ మ్రోగెను. "రెండయిందండీ!"

"ఉండండి!" అని బావామరదండ్రిద్దరును ఏకకంఠమున సింహనాదము చేసిరి. ఆమె గొంతు సవరించుకొని చదివెను:

"కావలివాడు దీపం వత్తి ఎగదోసి, కొత్త వంతెన మీదికి వచ్చేవాళ్ళెవరైనా ఉన్నారేమోనని చూశాడు. ఉన్నారు."

బావ ముక్కు చీదుకొనెను.

ఇట్లు ఒక చత్వారము, ఒక బావ, ఒక గడియారము తన్నెదిరింపగా, ఆ మహావీర ఎరవు కళ్ళజోడుతో ఒక పుటను సంపూర్ణముగా జయించెను! రెండుగంటల నాలుగు నిమిషములకు తలుపు పైకి లేచెను. లోనికి వచ్చినవారిని, ముక్కుపై బావ కళ్ళజోడు అట్లేయుండగా, ఆమె సగౌరవముగా ఆహ్వానించెను.