పెద్దాయనను ఆపలేకపోయిన రోజు

ఆ రోజు పొద్దున కత్తెరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లడం, పెద్దాయన కథ ముగించడం, మధ్యాహ్నం స్థిమితంగా కూర్చుని భోజనం చేయడం.

పెద్దాయనంటే మనిషి కాదు, మోకాళ్ల నొప్పులకు రాసుకునే పూత మందు. కత్తెరమ్మ పనిచేసే మందుల కంపెనీలో అందరికన్నా పాత ప్రాజెక్టు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. కత్తెరమ్మన్నదీ కన్నవాళ్లు పెట్టిన పేరేమీ కాదు. తయారీలో ఉన్న మందుల్లో దేనికి మనుషుల్ని ఇవ్వాలో, దేన్ని మధ్యలో ఆపేయాలో తేల్చి పైవాళ్ల ముందు పెట్టడం ఆవిడ ఉద్యోగం. అందుకని ఆఫీసువాళ్లు వెనకాల అలా పిలుచుకునేవారు. నిజానికి ఆవిడ ఇంతవరకూ ఒక్క ప్రాజెక్టును కూడా కత్తిరించలేకపోయింది. ఆపుదామన్న ప్రతిసారీ ఎవరో ఒకరు "ఇంకొక్క పరీక్ష చేసి చూద్దామండీ" అని అడ్డం పడేవారు. పూత మందు రాసినా రాయకపోయినా మోకాళ్లకు ఒకటేనని ప్రతి పరీక్షా తేల్చింది. దాని కింద ఇరుక్కుపోయిన కెమిస్టుల కోసం పసిపిల్లల జ్వరం మందు చేసే బృందం ఏడాదిగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. ఈసారి వాళ్లకు ఆవిడ మాటిచ్చేసింది.

జడ వేసుకుంటూ, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి, పరీక్షలు చూసే డాక్టరుతో అంది: "పెద్దాయన సంగతి ఇవాళ్టితో సరి. ఇన్నేళ్లు మోశాం, ఇక నావల్ల కాదు. ఆయన మీద పెట్టేదేదో పిల్లల మీద పెడితే పనికొస్తుంది. మధ్యాహ్నానికల్లా వదిలించేసుకుందాం."

చిక్కేమిటంటే, ఇంట్లో కూడా ఒక పెద్దాయన ఉన్నాడు. లెక్కల మాస్టారుగా రిటైరైన ఆమె మామగారిని ఇంటిల్లిపాదీ అలాగే పిలుస్తారు. తలుపవతల ఉతికిన బట్టలు మడతపెడుతున్న అత్తగారికి గుండెల్లో రాయి పడింది. కోడల్ని అడిగితే పోయేది. అడగలేదు. కోడలు గడప దాటగానే కూతురికి ఫోన్ చేసింది.

"మీ వదిన మీ నాన్నని ఇవాళ వదిలించుకుంటోందే! నా చెవులతో నేను విన్నాను. మధ్యాహ్నానికల్లానట!"

ఆడపడుచు ఆగే మనిషి కాదు. ఉన్నపళంగా బయలుదేరి కంపెనీ రిసెప్షన్‌లో ప్రత్యక్షమైంది.

"పెద్దాయన సంగతి ఇవాళ తేల్చేస్తారట కదా! మా నాన్నకి ఏమైనా అయిందో, ఊరుకునేది లేదు!"

రిసెప్షన్ అమ్మాయికి తెలిసిన పెద్దాయన పూత మందే. దానివల్ల ఈవిడ తండ్రికి ఏదో అయిందనుకుని మందుల భద్రత చూసే అధికారికి కబురు పెట్టింది. ఆయన్ని ఆఫీసులో శకునం అంటారు. ఆయన అడుగుపెట్టిన గదిలో పని ముందుకు సాగిన దాఖలా లేదు.

"మీ నాన్నగారు మోకాళ్లకి మందు రాస్తున్నారా అమ్మా?" అని శకునం మెల్లగా అడిగాడు.

"రోజూ రాస్తారు. మా వదినే తెచ్చిస్తుంది. మీ ఆఫీసులోనే మందులు ఆపే ఉద్యోగం ఆవిడది."

శకునం ముఖంలో నెత్తురు చుక్క లేదు. పరీక్షలో ఉన్న మందును ఉద్యోగి ఇంటికి పట్టుకెళ్లి మామగారి మీద ప్రయోగిస్తోంది! లిఫ్ట్ పని చేయడం లేదని కూడా చూడకుండా మీట నొక్కి నొక్కి, చివరికి మెట్ల దారి పట్టాడు.

పైన మీటింగు గదిలో కత్తెరమ్మ అప్పుడే మాట ముగించింది. డైరెక్టరు తలూపడానికి గడ్డం పైకెత్తాడు. ఆ గడ్డం కిందికి దిగేలోపు శకునం రొప్పుతూ వచ్చి ఆయన చెవిలో ఊదాడు.

"ఎవరింట్లో?" అన్నాడు డైరెక్టరు.

"ఈవిడింట్లోనే."

విషయం విన్న కత్తెరమ్మ నెత్తి కొట్టుకుంది. "అది నేను బజార్లో కొన్న మామూలు మందండీ! మా మామయ్యగారు నిక్షేపంలా ఉన్నారు. పొద్దున టిఫిను బాలేదని నన్ను తిట్టారు కూడా!"

"కావచ్చు. కానీ విచారణ చెయ్యాలి కదండీ" అన్నాడు శకునం.

ఆవిడ ఫోన్ తీసి ఇంటికి చేసింది. "అత్తయ్యా, మామయ్యగారికి ఒకసారి ఇవ్వండి."

"ఆయనెక్కడున్నారు? నిన్ను నిలదీస్తానని అక్కడికే బయల్దేరారు" అంది అత్తగారు. "అయినా ఇంత పని చేస్తావనుకోలేదమ్మా!"

ఆ మాట పూర్తయ్యేసరికి గది తలుపు భళ్లున తెరుచుకుంది. మామగారు. వెనక ఆడపడుచు. ఆ వెనక, ఆపలేక చేతులెత్తేసిన రిసెప్షన్ అమ్మాయి.

"నన్ను వదిలించుకునే మీటింగు ఇదేనా?" అన్నాడాయన, క్లాసు మొత్తాన్నీ బెంచీ ఎక్కించే గొంతుతో.

డైరెక్టరు చూపు మాత్రం ఆయన మోకాళ్ల మీద పడింది. "నాలుగంతస్తులూ ఎక్కి వచ్చారా? ఏం రాశారండీ?"

"ఇవాళ ఏమీ రాయలేదు. కోపంలో ఎక్కాను."

కత్తెరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. మామగారిని కుర్చీలో కూర్చోబెట్టి, పూత మందు పుట్టినప్పటి నుంచి పొద్దున ఫోన్ దాకా అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆడపడుచు గోడకున్న గడియారం వైపు చూడసాగింది. మామగారు మాత్రం శ్రద్ధగా విని, అక్కడక్కడా ప్రశ్నలు వేసి, చివరికి డైరెక్టరు వైపు తిరిగాడు.

"అంటే, పనిచెయ్యదని తెలిసిన మందు కోసం పసిపిల్లల మందుని ఏడాదిగా కూర్చోబెట్టారా? మీకు లెక్కలెవరు చెప్పారు? ఆపేయండి ఆ పెద్దాయన్ని!"

గదిలో అందరూ తలలూపారు. డైరెక్టరు కూడా ఊపాడు. ఇన్నేళ్లలో మొదటిసారి కత్తెరమ్మ ముఖం వికసించింది.

"కుదరదండీ" అన్నాడు శకునం. "నేను కేసు తెరిచేశాను. కేసు ముగిసేదాకా ప్రాజెక్టు మూయకూడదు. అది మన కంపెనీ రూలు."

"కేసు ఎప్పుడు ముగుస్తుంది?" అంది కత్తెరమ్మ నీరసంగా.

"పేషెంటుగారి మోకాళ్లు కొన్నాళ్లు గమనించాలి. వారం వారం ఆయన్ని తీసుకురండి."

"పేషెంటేమిటి? నేను మీ మందు ముట్టుకోనేలేదు!" అని మామగారు ఒంటికాలి మీద లేచాడు.

"ముట్టుకోలేదని తేలాలి కదండీ" అన్నాడు శకునం, ఎంతో మర్యాదగా.

డైరెక్టరు కాసేపు పెన్ను నమిలి తీర్పు చెప్పాడు. పూత మందు కొనసాగుతుంది. విచారణ కోసం పిల్లల మందు బృందంలో మిగిలిన ఇద్దరు కెమిస్టులు కూడా దాని కిందికే వస్తారు. పేషెంటుది కత్తెరమ్మ ఇల్లే కాబట్టి, ఆ ప్రాజెక్టు బాధ్యత ఇకమీదట ఆవిడదే. పిల్లల మందు బృందానికి ఆ ముక్క చెప్పే బాధ్యత కూడా.

ఆనాటి నుంచి ఇంట్లో ఆఫీసు ఫోనొస్తే కత్తెరమ్మ స్నానాల గదిలోకి వెళ్లి, గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి మాట్లాడుతోంది. కోడలికి ఏదో చెప్పుకోలేని జబ్బు చేసిందని అత్తగారు వెంటనే కూతురికి ఫోన్ చేసింది.