గురువారం దాకా ఇల్లు మనదే

ఆ మంగళవారం పొద్దున్న కొమరయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇల్లు కొంటానన్న పెద్దమనిషి తొమ్మిదింటికి మరోసారి చూడడానికి వస్తాడు. అతనికి టీ ఇచ్చి నోరు మూసుకుని కూర్చోవాలి, అంతే. వడ్డీ పెరిగి కిస్తీలు తప్పేసరికి బ్యాంకు కెనడాలోని సర్రేలో ఉన్న ఆ ఇంటిని అమ్మకానికి పెట్టి, ఆ పెద్దమనిషికి మాటిచ్చేసింది. అయితే గురువారం జడ్జి ఆ అమ్మకానికి సరేననే లోపు బాకీ మొత్తం కట్టేస్తే ఇల్లు మళ్లీ కొమరయ్యదే. అంత సొమ్ము అప్పివ్వడానికి మరో ఫైనాన్స్ కంపెనీ సిద్ధమే కానీ, అద్దెలు ఇంకా ఎక్కువ చూపించమంది. చూపిద్దామంటే బేస్‌మెంటులో అద్దెకున్నది కాలేజీ కుర్రాడు లోహిత్, వాడి రూమ్మేటు, ఇద్దరే. పదకొండేళ్లు డబుల్ షిఫ్టులు చేసి కొనుక్కున్న ఇల్లు.

"టెన్షన్ వద్దంకుల్. మా కాలేజోళ్లని ఓ ఆరుగుర్ని పిలుస్త. బ్యాగులేసుకుని ఇల్లంత తిరుగుతరు. గింత గుంపును జూస్తే ఎవడన్న కొంటడా?" అన్నాడు లోహిత్.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అంది కొమరయ్య భార్య సుగుణ. మునిగేవాడికి గడ్డిపోచే దిక్కు కనుక కొమరయ్య మాత్రం తలూపాడు.

'అంకుల్ ఇంటికి బ్యాగులతో రండి, అర్జెంట్' అని లోహిత్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కాలేజీల్లో సీట్లున్నా ఊళ్లో గదులు దొరకని రోజులవి. ఎందుకు రమ్మంటున్నావని ఒక్కరూ అడగలేదు. ఎనిమిదిన్నరకల్లా సూట్‌కేసులు, పరుపులు, రైస్ కుక్కర్లతో పదిహేడు మంది దిగారు.

పెద్దమనిషి వచ్చి, మెట్ల మీద నిలబడి అందరినీ లెక్కపెట్టాడు. ఇంతమందీ అద్దెకుంటున్నారా అని అడిగి, అతను మొహం చాటంత చేసుకున్నాడు. ఇన్ని అద్దెలొచ్చే ఇంటిని కోర్టులో ఇంకెవరూ ఎగరేసుకుపోకుండా, వాకిట్లోంచే లాయరుకు ఫోన్ చేసి తన ధరను ఇంకో ఇరవై వేల డాలర్లు పెంచమన్నాడు.

కొమరయ్య సోఫాలో కూలబడ్డాడు. ఇల్లు పోయింది, అదీ చేజేతులా. "ఇగ పోండ్రి బిడ్డా, అయిపోయింది," అన్నాడు నీరసంగా.

ఎవరూ కదల్లేదు.

"యాడికి పోవాలె అంకుల్? రూమ్స్ ఉన్నయనే కదా వచ్చినం," అంది వర్షిణి అనే అమ్మాయి, పరుపు మీంచి లేవకుండానే. "అడ్వాన్స్ ఎంతో చెప్పండి."

సుగుణ గరిటె పక్కన పెట్టి అద్దె ఒప్పందం కాగితాలు తెచ్చింది. సాయంత్రానికి పదిహేడు సంతకాలు పడ్డాయి. బుధవారం ఫైనాన్స్ కంపెనీ వాటిని చూసి మారుమాట లేకుండా అప్పిచ్చింది. గురువారం పెద్దమనిషి పెంచిన ధరతో కోర్టుకు వచ్చేసరికి బ్యాంకు బాకీ పైసాతో సహా తీరిపోయి ఉంది. కొమరయ్యకు కోర్టు వరండాలోనే ఏడుపు ఆగలేదు.

"దక్కింది సుగుణా! మన ఇల్లు మనకు దక్కింది!"

"దక్కింది గానీ, మన బెడ్రూం వర్షిణోళ్లకు ఇచ్చిన," అంది సుగుణ.

మర్నాటి నుంచి సొంతింటి బాత్‌రూములో కొమరయ్యకు దక్కిన వంతు, తెల్లవారుజామున నాలుగుంపావు నుంచి నాలుగున్నర దాకా.