వెర్డీకి పాములంటే భయం

టెలిఫోన్లకు మెలికల తీగలుండి, వంటింట్లో మొదలుపెట్టిన మాటను వసారా దాకా లాక్కెళ్ళగలిగిన రోజుల్లో, ఒక సెప్టెంబరు శనివారం పొద్దున్న హోబర్ట్ గాస్కిన్స్ కుళాయికి వాషరు కొనుక్కొస్తానని చెప్పి ఇంట్లోంచి బయలుదేరాడు. అతని అక్క వెర్డీ అద్దం ముందు కూర్చుని జుట్టుకు చుట్టలు బిగించుకుంటోంది. రేపు కాక పై ఆదివారం చర్చి విందు అనీ, ఎప్పటిలాగే రొయ్యల పులావు తమ వంతు అనీ గుర్తుచేసి, వచ్చేటప్పుడు వెన్న తెమ్మంది.

కుళాయి నిజంగానే కారుతోంది. కాని హోబర్ట్ వెళ్ళింది పక్క ఊరి సంత మైదానానికి. అక్కడ ఆ రోజు పాములూ తాబేళ్ళూ పెంచేవాళ్ళ ప్రదర్శన. గడ్డాన్ని జడలా అల్లుకున్న ఒకాయన, పెరుగు అమ్మే డబ్బాల్లాంటి వాటిలో డబ్బాకొకటి చొప్పున పాము పిల్లల్ని వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. అన్నీ ఆ వేసవిలో గుడ్లు పగిలి వచ్చినవే. పెన్సిలంత పొడుగు, బూటు తాడంత లావు. నారింజ రంగు ఒళ్ళు, దాని మీద ఇటుక రంగు మచ్చలు. మొక్కజొన్న గాదెల్లో ఎలుకలు పట్టుకు తింటాయని మావైపు వాటిని మొక్కజొన్న పాములంటారు. విషం ఉండదు. కోపం వస్తే తోక ఆడిస్తాయి, అంతే.

ఒక పక్క వెచ్చగా, ఒక పక్క చల్లగా ఉంచాలనీ, దాక్కోవడానికి చీకటి చోటు పెట్టాలనీ, వారం రోజులు చెయ్యి తగిలించకూడదనీ, ఆ తర్వాత ఇంకా కళ్ళు తెరవని ఎలుక పిల్లను ఒకటి పెట్టాలనీ ఆయన చెప్పాడు. ఆ ఎలుక పిల్లలు గడ్డకట్టించినవి తన దగ్గరే ఉన్నాయన్నాడు. మూత సంగతి మాత్రం రెండుసార్లు చెప్పాడు. "తల దూరిందంటే ఒళ్ళంతా దూరినట్టే. సందు ఉంచకండి."

హోబర్ట్ బుద్ధిగా తల ఊపాడు. అప్పటికి అతని మనసు అక్కడ లేదు, యాభై ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోయింది.

నాయనమ్మ పొలంలో కంకులు నిలవచేసే చెక్క గాదె ఒకటుండేది. పలకల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడేది. ఆ చారల్లో, ఎండిన కంకుల మీద, చేతి కర్రంత పొడుగున్న మొక్కజొన్న పాము పడుకునేది. నాయనమ్మ దాన్ని పనివాడి కింద లెక్క కట్టింది. "మీ తాతకంటే నయం, చెప్పకుండానే పని చేస్తుంది" అనేది. మధ్యాహ్నం పెద్దవాళ్ళు కునుకు తీసే వేళ అక్కాతమ్ముళ్ళిద్దరూ గాదెలోకి దూరి, ఊపిరి బిగబట్టి దాన్ని చూస్తూ కూర్చునేవాళ్ళు. ఒకరోజు హోబర్ట్ నీళ్ళు తాగడానికి బయటికి వచ్చాడు. లోపల్నుంచి వెర్డీ పెట్టిన కేక పొలం అవతలికి వినబడింది. తిరిగి వచ్చేసరికి నాన్న చేతిలో పార ఉంది. పాము రెండు ముక్కలై ఉంది.

ఆనాటి నుంచి 'వెర్డీకి పాములంటే భయం' అన్నది గాస్కిన్స్ ఇంట్లో చట్టమైపోయింది. తోటకు నీళ్ళు పట్టే గొట్టాన్ని చుట్ట చుట్టి నేల మీద వదిలేసేవాళ్ళు కాదు. నాన్న బెల్టు కుర్చీకి వేలాడేది కాదు. హోబర్ట్ పెళ్ళి చేసుకోలేదు, స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. భర్త పోయాక వెర్డీ అతని ఇంటికే వచ్చి ఉంటోంది. టీవీలో అడవి కనబడితే చాలు, హోబర్ట్ లేచి వెళ్ళి చానెల్ మార్చేసేవాడు. ఆమె ఎప్పుడూ ఎందుకని అడగలేదు. అడగకపోవడం కూడా భయమేననుకున్నాడు.

కాబట్టి ఆ రోజు కొన్న పాము పిల్ల, దాని గాజు పెట్టెతో సహా, వెనక గదిలో రంగు డబ్బాల వెనక్కి చేరింది. ఎలుక పిల్లల్ని కసాయి కొట్టు తెల్ల కాగితంలో చుట్టి, ఫ్రీజరులో అడుగున తోశాడు. రొయ్యలమ్మే మనిషీ అదే కాగితంలో చుట్టి ఇస్తాడన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. వెన్న తెచ్చాడు. వాషరు మరిచిపోయాడు.

సోమవారం పొద్దున్న చూస్తే పెట్టె ఖాళీగా ఉంది. వెచ్చదనం కోసం పెట్టిన కరెంటు చాప తీగ బయటికి వచ్చేచోట, మూత ఒక వేలెడు లేచి ఉంది.

హోబర్ట్ ఇల్లంతా వెతికాడు. వెచ్చగా ఉండేచోటికి చేరుతుందన్న ఆశతో ఫ్రిజ్ వెనక చూశాడు, టీవీ వెనక చూశాడు, పియానో పై చెక్క విప్పి చూశాడు. సోఫా కింద బోర్లా పడుకుని టార్చి వేస్తుండగా వెర్డీ వచ్చి ఏమిటది అంది. నడుం పట్టేసింది, డాక్టరు నేల మీద పడుకోమన్నాడని చెప్పాడు. బోర్లానా అని అడిగింది. బోర్లానే అన్నాడు. మర్నాడు, పాము పాకితే జాడ పడుతుందని గుమ్మాల దగ్గర గోధుమపిండి చల్లాడు. అదేమిటంటే చీమలకన్నాడు. చీమలకు పిండి పెడుతున్నావా అని ఆమె అడిగితే, పాపం అవి మాత్రం ఏం తింటాయి అన్నాడు.

ఆ సాయంత్రం వెర్డీ ఫోను తీగ లాక్కుంటూ వసారాలోకి వెళ్ళి స్నేహితురాలు లూలా పికెట్‌తో చాలాసేపు మాట్లాడింది. తమ్ముడు చేస్తున్నవన్నీ చెప్పి కాస్త నవ్వుకుందామనే ఆమె ఉద్దేశం. లూలా మాత్రం నవ్వలేదు. ఆమె మరిది కూడా ఇలాగే మొదలుపెట్టాడట. మొదట పియానో విప్పాడట, ఆ తర్వాత భార్య పేరు మరిచిపోయాడట. వెర్డీ కాదు కాదంటున్నకొద్దీ లూలాకు నమ్మకం బలపడింది. ఇంటివాళ్ళు ఎప్పుడూ ఒప్పుకోరు కదా.

బుధవారానికల్లా మా ఊళ్ళో హోబర్ట్‌కు మతి తప్పింది. పొద్దున్నుంచీ గుమ్మంలోకి గిన్నెలు రావడం మొదలైంది. చికెనూ అన్నమూ ఒకరు, చిక్కుడుగింజలు ఒకరు, పీచ్ పళ్ళ తీపి వంటకం ఇద్దరు. గిన్నె అడుగున ఎవరి పేరు వాళ్ళు అంటించిన టేపు. ఆ రోజుల్లో మనిషికి ఏమైందో తెలిసినా తెలియకపోయినా ముందు వంట వచ్చేది. అందరూ హోబర్ట్‌తో నెమ్మదిగా, గట్టిగా మాట్లాడారు. ఇవాళ ఏ వారం అని ముగ్గురు అడిగారు. జనాలకు వారాలు గుర్తుండటం లేదేమిటని అతను ఆశ్చర్యపోయి, మూడోసారికి గోడమీద క్యాలెండరు చూపించాడు. అది పోయిన నెల కాగితం.

గురువారం పాస్టరు టిల్మన్ గారు స్వయంగా వచ్చి, వసారాలో అతని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు.

"ఈమధ్య ఏదైనా పోగొట్టుకున్నట్టు అనిపిస్తోందా, బ్రదర్?"

సంత మైదానంలో తనను ఎవరో చూసి చెప్పేశారనుకున్నాడు హోబర్ట్. వెర్డీ వినకుండా గొంతు తగ్గించాడు. "అవునండీ. సోమవారం పొద్దున్న చూస్తే లేదు."

"మెల్లమెల్లగా పోయిందా, ఒక్కసారిగానా?"

"ఒక్కసారిగానే. మూత సరిగ్గా బిగించలేదు. తప్పు నాదే."

పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మనిషికి ఏది పోయినా దేవుడికి తెలుసు."

"తెలిస్తే, ఏ గదిలో ఉందో కాస్త అడిగి చెప్పండి."

పాస్టరు గారు చాలాసేపు ప్రార్థన చేశారు. వెళ్ళేటప్పుడు వెర్డీని గేటు దాకా పిలిచి, ధైర్యంగా ఉండమన్నారు. ఆమె పెదవి కొరుక్కుని తల వంచుకుంది. దాన్ని ఆయన దుఃఖమనుకున్నారు.

ఆదివారం పొద్దున్నే వెర్డీ పాటల బృందంతో సాధన ఉందని, పులావు గుండిగతో సహా లూలా కారులో వెళ్ళిపోయింది. ఐసు తీసుకురావడం హోబర్ట్ పని. గడ్డం గీసుకుని, టై కట్టుకుని, ఐసు కోసం ఫ్రీజరు తెరిచాడు. రొయ్యల పొట్లం లేదు. అడుగున తోసిన పొట్లం కూడా లేదు. చెత్తబుట్టలో చూశాడు. రెండు తెల్ల కాగితాలున్నాయి.

ఒలిచిన రొయ్యల్లాగే ఎలుక పిల్లలూ గులాబీ రంగువే. అలాగే ముడుచుకుని ఉంటాయి. హోబర్ట్ ఐసు మాట మరిచి కారు తాళాలు అందుకున్నాడు.

అతను చేరేసరికి ప్రార్థన అయిపోయింది. చర్చి పక్కన ఓక్ చెట్ల కింద పొడుగాటి బల్లలు, తెల్ల దుప్పట్లు, పళ్ళాలు పట్టుకుని వరసలో ఊరంతా. ఇప్పుడు అక్కడ కార్లు నిలబెడుతున్నారు గాని, ఆ రోజుల్లో ఆ నీడన తిన్న ముద్ద రుచే వేరు. వరస ముందు పాస్టరు గారున్నారు. ఆయన పళ్ళెంలో పులావు ఉంది.

తినకండి, రొయ్యలు పాడయ్యాయి అన్నాడు హోబర్ట్. పొద్దున్నే రుచి చూశాను, బాగున్నాయంది లూలా. అంతా అతని వంక జాలిగా చూశారు. లూలా అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్ళో చేతిరుమాలు పరిచి, పళ్ళెంలో పులావు వడ్డించి చేతికిచ్చింది. పాస్టరు గారు చెంచా పైకెత్తారు. హోబర్ట్ లేచి ఆ చెంచా లాక్కుని, గుండిగను రెండు చేతులా ఎత్తుకుని, చెట్టు మొదట్లో బోర్లించాడు.

వరసలోవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. ఎక్కడివో రెండు కుక్కలు మాత్రం వెంటనే వచ్చాయి.

"అందులో ఎలుక పిల్లలున్నాయి" అన్నాడు హోబర్ట్.

ఉన్నాయి బ్రదర్, ఉన్నాయి, కూర్చోండి అన్నారు పాస్టరు గారు, చంటిపిల్లవాడితో అన్నట్టు. ఆ గొంతు వినగానే వారమంతా జరిగినదేమిటో హోబర్ట్‌కు ఒక్కసారిగా అర్థమైంది. తనకు మతి ఉందని చెప్పుకోవాలంటే ఇక పాము సంగతి చెప్పాలి. చెబితే అక్క గుండె ఆగిపోతుంది. చెప్పకపోతే సోమవారం తనను ఏ ఆసుపత్రికో తీసుకెళతారు. అతను వెర్డీ వైపు చూడకుండా, నేల చూస్తూ చెప్పాడు. "పాము పిల్లను తెచ్చుకున్నాను. అది ఇంట్లోనే ఎక్కడో తప్పిపోయింది. ఎలుక పిల్లలు దాని తిండి. అక్కా, నన్ను క్షమించు."

ఊరంతా వెర్డీ వైపు తిరిగింది. ఆమె భయం సంగతి తెలియనివాళ్ళు లేరు. లూలా ఆమెను వెనక నుంచి పట్టుకుంది.

"ఎక్కడికీ పోలేదు" అంది వెర్డీ, లూలా చేతులు విడిపించుకుంటూ. "మంగళవారం నా కుట్టుబట్టల్లో దొరికింది, అప్పట్నుంచి కుట్టుమిషను పక్కన పెద్ద జాడీలో ఉంది. మూతకు చిల్లులు పొడిచాను. వేడినీళ్ళ సీసా ఆనించాను. నీ పొట్లం నా రొయ్యల పక్కన ఉండటం బాగాలేదని డబ్బాలో పెట్టి వసారాలో ఉన్న రెండో ఫ్రీజరులో వేశాను. నువ్వు పారబోసినవి అచ్చమైన రొయ్యలు."

అందరూ చెట్టు మొదటి వంక చూశారు. కుక్కలు ఆ మాటే రుజువు చేస్తున్నాయి.

ఇద్దరూ కారులో ఇంటికి బయలుదేరారు. మొక్కజొన్న చేలు కోతకొచ్చి ఎండి గలగలమంటున్నాయి. దొరికిన రోజే ఎందుకు చెప్పలేదని హోబర్ట్ అడిగాడు. నువ్వే చెబుతావని చూశాను, ఆ తర్వాత ఎన్నాళ్ళు పాకుతావో చూద్దామనుకున్నాను, ఇంత దూరం వస్తుందనుకోలేదు అంది వెర్డీ.

"నీకు భయం కదా, అక్కా."

"భయమని నేనెప్పుడు చెప్పాను?"

"గాదెలో నువ్వే కదా కేక పెట్టింది."

వెర్డీ కిటికీలోంచి చేల వైపు చూసింది. "నేను అరిచింది పామును చూసి కాదురా. నాన్న చేతిలో పార చూసి. వద్దు నాన్నా అని అరిచాను. మాట కాస్తా కేకలో కలిసిపోయింది. ఆ తర్వాత ఎవరూ నన్ను అడగలేదు. అందరూ నన్ను ఓదార్చారు."

హోబర్ట్ కారును రోడ్డు పక్కన ఆపాడు. ఆ పామును చంపించావని చిన్నప్పుడు ఒక ఏడాది పాటు అతను అక్కతో సరిగ్గా మాట్లాడలేదు. వెర్డీ పర్సులోంచి రుమాలు తీసి ఇచ్చింది. "పాపం, ఎంత మెత్తగా ఉండేదో" అంది. "నువ్వు బయటికెళ్ళినప్పుడల్లా తాకేదాన్ని." టీవీలో అడవుల కార్యక్రమాలన్నీ ఇన్నేళ్ళుగా నీవల్లే పోయాయని కూడా అంది.

ఆ మధ్యాహ్నం పాము పిల్లను దాని పెట్టెలోకి చేర్చి, మూత మీద రెండు ఇటుకలు పెట్టారు. ఎలుక పిల్లను వేడినీళ్ళలో ఉంచి, గడ్డ విడిపోయాక ముందు పెట్టి, ఇద్దరూ నేల మీద పక్కపక్కన కూర్చుని ఊపిరి బిగబట్టి చూశారు. అది చాలాసేపు కదల్లేదు. నాలుక ఆడించింది. తర్వాత తనకంటే లావైన ఆ ముద్దను, తొందర లేకుండా, తల వైపు నుంచి మింగడం మొదలుపెట్టింది. వెర్డీ తమ్ముడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

జాగ్రత్తగా చూసుకుంటే ఇవి ఇరవై ఏళ్ళు బతుకుతాయట అని హోబర్ట్ చెప్పాడు. వెర్డీ మనసులో ఇద్దరి వయసులకూ ఇరవై కలిపి చూసుకుంది, ఆ పూట నుంచే తమ్ముడి కాఫీలో పంచదార మానేసింది.